వెయ్యి మందిలో ఒక్క పేరేనా?

డెట్రాయిట్ నగరంలో చార్లెస్ రైట్ అనే నల్లజాతి డాక్టరు ఉండేవారు. ప్రసూతి వైద్యుడు. ఆయన చేతుల మీద ఏడు వేల మందికి పైగా పిల్లలు పుట్టారని ఆ ఊళ్లో చెప్పుకుంటారు. డెన్మార్క్ వెళ్లినప్పుడు అక్కడ రెండో ప్రపంచ యుద్ధంలో పోరాడిన వాళ్ల కోసం కట్టిన స్మారకం చూశారాయన. మావాళ్ల కథకు ఇలాంటి చోటు ఎందుకు లేదనుకున్నారు. తిరిగొచ్చాక ప్రభుత్వానికి అర్జీ పెట్టి ఎదురుచూస్తూ కూర్చోలేదు. ముప్పై మంది దాకా స్నేహితుల్ని కూడగట్టి 1965లో ఒక సంస్థ పెట్టారు. వెస్ట్ గ్రాండ్ బులెవార్డ్‌లో ఉన్న తన ఇంట్లోనే మ్యూజియం తెరిచారు. మోటౌన్ పాటలు పుట్టిన స్టూడియో కూడా ఆ రోడ్డు మీదే ఉంది. మ్యూజియం దాకా రాలేని వాళ్ల కోసం చక్రాల మీద కదిలే ఇంట్లో ప్రదర్శన పెట్టి ఊరూరా తిప్పారు. తర్వాత బడిపిల్లలు సైతం ఇటుకల కోసం చందాలు పోగుచేశారు. ఆ మ్యూజియం 1987లో పెద్ద భవనంలోకి, 1997లో అంతకంటే చాలా పెద్ద భవనంలోకి మారింది. 2016లో వాషింగ్టన్‌లో జాతీయ మ్యూజియం తెరిచే వరకు ఆఫ్రికన్ అమెరికన్ చరిత్రకు ప్రపంచంలోనే పెద్ద మ్యూజియం ఇదే. ఇప్పుడు డాక్టరు గారి పేరు మీదే నడుస్తోంది.

నేను వేన్ స్టేట్ యూనివర్సిటీలో ఎం.ఎస్. చదివేటప్పుడు ఈ మ్యూజియం మా క్యాంపస్ నుంచి నడిచి వెళ్లేంత దగ్గర. మాది నిర్మల్. అమ్మ బీడీలు చేసేది. నాన్న మస్కట్‌లో భవనాల పనికి వెళ్లి, మధ్యమధ్య వచ్చిపోతూ, నా బాల్యమంతా అక్కడే గడిపాడు. ఆ మ్యూజియంలో నేను చూసినవాటి గురించి, అవి చూశాక మా ఊరికి ఏం కావాలని నాకు గట్టిగా అనిపించిందో దాని గురించి రాస్తున్నాను.

ముందు ఒక మాట చెప్పాలి. డెట్రాయిట్ చుట్టుపక్కల ట్రాయ్, నోవై, క్యాంటన్, ఫార్మింగ్టన్ హిల్స్‌లో తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. 2025లో తానా మహాసభలు నోవైలోనే జరిగాయి. మనవాళ్ల గుళ్లున్నాయి, బతుకమ్మ ఆటలున్నాయి. కానీ కొత్తగా వచ్చిన విద్యార్థికి సీనియర్లు చెప్పే మొదటి జాగ్రత్త ఏమిటంటే, "అటు పోకు, అంతా నల్లోళ్లుంటరు." ఈ మాట నేను విన్నాను. నా తర్వాత వచ్చినవాళ్లకు కూడా అదే మాట చెబుతుంటే విన్నాను. నయాగరాకు ఎనిమిది మంది కలిసి వ్యాన్ కట్టుకుని పోతారు, షికాగో పోతారు. క్యాంపస్ పక్కనున్న మ్యూజియంలో అడుగు పెట్టకుండానే డిగ్రీ పట్టా తీసుకుని వెళ్లిపోతారు.

ఇది నన్ను బాధపెడుతుంది, ఎందుకంటే మనం ఆ దేశంలో ఉండటానికే వాళ్లకు రుణపడి ఉన్నాం. 1946 నాటి చట్టం ప్రకారం భారతదేశం నుంచి ఏడాదికి వంద మందికి మాత్రమే అమెరికాలో స్థిరపడే కోటా ఉండేది. నల్లజాతి ప్రజలు దెబ్బలు తిని, జైళ్లకు పోయి, ప్రాణాలిచ్చి 1964లో పౌరహక్కుల చట్టం, 1965 ఆగస్టులో ఓటు హక్కు చట్టం సాధించారు. మనుషుల్ని జాతిని బట్టి వేరుచేయడం తప్పని ఆ పోరాటం దేశం చేత ఒప్పించింది. ఆ ఊపులోనే 1965 అక్టోబరు 3న వలస చట్టం మారింది, దేశాల వారీ పాత కోటాలు పోయాయి. కరీంనగర్, ఆదిలాబాద్ నుంచి వెళ్లిన ప్రతి ఇంజినీరూ, ప్రతి డాక్టరూ ఆ తలుపులోంచే లోపలికి వెళ్లారు. తలుపు తీసినవాళ్లను చూసి భయపడమని పిల్లలకు నేర్పడం అన్యాయం.

మ్యూజియంలోని ప్రధాన ప్రదర్శన ఆఫ్రికా నుంచే మొదలవుతుంది. మనిషి పుట్టిన నేల, రాజ్యాలు, సంతలు, చదువులు ముందు వస్తాయి. బానిసత్వం వాళ్ల కథలో మొదటి అధ్యాయం కాదని గట్టిగా చెప్పాకే మనల్ని సముద్రతీరపు కోటలోకి, అక్కడి నుంచి ఓడ అడుగు అరలోకి నడిపిస్తారు. చీకటి, చెక్కల చప్పుడు, ఒకరి పక్కన ఒకరిని పేర్చినట్టు పడుకోబెట్టిన మనుషుల బొమ్మలు. అట్లాంటిక్ మీదుగా ఓడలెక్కించిన ఆఫ్రికన్లు దాదాపు 1.25 కోట్ల మంది అని చరిత్రకారుల అంచనా. వాళ్లలో 18 లక్షల మంది దాకా దారిలోనే చనిపోయారు. ఈ అంకెలు పుస్తకంలో చదివినప్పుడు ఏమనిపించిందో నాకు గుర్తులేదు. ఆ అరలో నిలబడినప్పుడు మాత్రం నా ముందున్న ఒక ముసలమ్మ గోడ పట్టుకుని నడుస్తోంది. ఆమె మనవడు ఏడెనిమిదేళ్లవాడు. ఆమె వాడికి ఏదో నెమ్మదిగా చెబుతోంది. వాళ్లకది సొంత ఇంటి కథ. నేను పక్కకు జరిగి వాళ్లను ముందు వెళ్లనిచ్చాను.

ఓడ తర్వాత వేలం పాట, పత్తి చేలు, పారిపోయే దారులు. బానిసత్వం నుంచి తప్పించుకున్నవాళ్లకు డెట్రాయిట్ చివరి మజిలీ. నది దాటితే కెనడా, స్వేచ్ఛ. రహస్యంగా సాయం చేసేవాళ్లు ఈ ఊరిని 'మిడ్‌నైట్' అని పిలుచుకునేవారు. ఆ తర్వాత కార్ల ఫ్యాక్టరీల్లో పని కోసం దక్షిణాది నుంచి రైళ్లలో వచ్చిన లక్షల మంది. పాత డెట్రాయిట్ వీధిని దుకాణాలతో సహా లోపల మళ్లీ కట్టి పెట్టారు. బ్లాక్ బాటమ్ అనే నల్లజాతి పేటను 1950లలో, 60లలో కూల్చేసి మీదుగా ఫ్రీవే వేశారు. నేను రోజూ బస్సులో వెళ్లే రోడ్డు కింద ఒక ఊరుందని ఆ వీధిలో నిలబడ్డాకే తెలిసింది. మా దగ్గరా ఇదే కథ. శ్రీరాంసాగర్, కడెం ప్రాజెక్టుల కింద మునిగిన ఊళ్ల పేర్లు మా జిల్లాలో ముసలివాళ్ల నోట మాత్రమే మిగిలాయి. వాళ్లు పోతే ఆ పేర్లూ పోతాయి.

పేర్ల సంగతికే వస్తున్నాను. ఆ మ్యూజియం మధ్యలో గాజు గుమ్మటం కింద పెద్ద గుండ్రటి హాలుంది. హ్యూబర్ట్ మాసీ అనే చిత్రకారుడు ఆ నేల మీద వాళ్ల వంశ ప్రయాణాన్ని రంగురాళ్లలో చిత్రించారు. దాని చుట్టూ కంచు పలకల మీద పేర్లు. అక్కడికొచ్చిన వాళ్లు తలవంచి ఒక్కో పేరూ చదువుకుంటూ గుండ్రంగా నడుస్తారు. 2005లో రోసా పార్క్స్ చనిపోయినప్పుడు ఆమె పార్థివ దేహాన్ని జనం చూడటానికి ఇక్కడే ఉంచారు. బస్సులో సీటు వదలనన్న ఆమె 1957 నుంచి ఈ ఊళ్లోనే బతికింది. 2018లో గాయని అరీతా ఫ్రాంక్లిన్‌కు కూడా ఊరు ఇక్కడే వీడ్కోలు చెప్పింది. తమ పెద్దల్ని సాగనంపడానికి ఒక ఊరు మ్యూజియాన్ని ఎంచుకుందంటే అది ఆ ఊరి జనానికి ఎంత సొంతమో ఊహించండి.

మా నిర్మల్‌లో ఖజానా చెరువు గట్టున ఒక మర్రి ఉండేది. 1857 తర్వాత ఇంగ్లీషు సైన్యం మీద, నిజాం మీద రాంజీ గోండు నాయకత్వంలో గోండులు, రోహిల్లాలు కలిసి తిరగబడ్డారు. 1860లో రాంజీని పట్టుకున్నారు. ఆయనతో కలిపి వెయ్యి మందిని ఆ చెట్టుకు ఉరితీశారని మా ప్రాంతం తరతరాలుగా చెప్పుకుంటోంది. వెయ్యి ఉరుల మర్రి అని పేరు. చెట్టు ఇప్పుడు లేదు. రాంజీకి విగ్రహముంది, ఏటా ఏప్రిల్‌లో దండలు వేస్తాం, ఉపన్యాసాలు ఇస్తాం. మరి మిగతా వాళ్లెవరు? ఏ ఊరివాళ్లు, ఏ ఇంటివాళ్లు? ఒక్క పేరు పక్కన తొమ్మిది వందల తొంభై తొమ్మిది ఖాళీలు పెట్టుకుని, అదే మన చరిత్ర అని బడిలో చెప్పుకుంటున్నాం. నూట అరవై ఏళ్ల నాటి మాట, ఇప్పుడెలా దొరుకుతాయంటారు. 1981 ఏప్రిల్ 20 మొన్నటిదే కదా. ఇంద్రవెల్లిలో గోండుల మీద పోలీసులు జరిపిన కాల్పుల్లో చనిపోయింది 13 మంది అని సర్కారు లెక్క. అంతకు ఎన్నో రెట్లు ఎక్కువని గూడేల లెక్క. అక్కడి అమరుల స్తూపం ముందు నిలబడే మా తరం పిల్లలకు ఇంటింటి పేరూ చదివి వినిపించే చోటు ఇంతవరకు లేదు.

వెతికితే ఏమీ దొరకదని ముందే అనుకోవడం తప్పు. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఫార్సీ, ఉర్దూ కాగితాలు గుట్టలుగా ఉన్నాయి. హైదరాబాద్ రెసిడెన్సీ రికార్డులు ఢిల్లీలో, లండన్‌లో ఉన్నాయి. జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడైన తర్వాత గోండుల మధ్య పనిచేయడానికి వచ్చిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ దొర తీసిన ఫొటోలు, ఫిల్ములు లండన్ యూనివర్సిటీకి చెందిన సోయాస్‌లో భద్రంగా ఉన్నాయి. ఆయన భార్య బెట్టీ సమాధి మాత్రం మార్లవాయిలో ఉంది. మా ముత్తాతల ముఖాలు లండన్‌లో ఉండగా వాళ్ల మునిమనవళ్ల గూడేల్లో అవి లేకపోవడం నాకు సమ్మతం కాదు. ఆ ఫొటోల నకళ్లు గూడేనికి తెస్తే, వీడు ఫలానా పెందోర్ ఇంటివాడు, ఈమె ఫలానా ఆత్రం వారి ఆడబిడ్డ అని గుర్తుపట్టే ముసలివాళ్లు ఇంకా ఉన్నారు. పదేళ్లాగితే ఉండరు.

డాక్టర్ రైట్ మ్యూజియం నుంచి నడిచి వెళ్లేంత దూరంలోనే డెట్రాయిట్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్ట్స్ ఉంది. అక్కడ ఆఫ్రికా కళకు ప్రత్యేకంగా గదులున్నాయి. ఆ చుట్టుపక్కల కౌంటీల్లో ఉండేవాళ్లకు టికెట్ లేదు, చేతిలో డబ్బుల్లేని విద్యార్థికి అదొక వరం. కాంగో ప్రాంతం నుంచి వచ్చిన మేకులు దిగ్గొట్టిన కొయ్య బొమ్మ అక్కడ అందరినీ ఆపేస్తుంది. నన్ను ఆపింది బెనిన్ రాజ్యపు గుర్రపు రౌతు, ఇత్తడి పోత. ఆ గుర్రాన్ని నేను ఇంతకు ముందే చూశానని అనిపించింది. చూసింది జైనూర్ మండలంలో, ఉషేగావ్‌లో ఇత్తడి బొమ్మలు పోసే ఓజాల వాకిట్లో.

ఓజాలు ఈ డోక్రా బొమ్మలు చేసే తీరు ఇది. మట్టితో లోపలి ముద్ద చేస్తారు. మైనాన్ని సన్నటి దారాలుగా సాగదీసి దాని మీద చుట్టి నగలు, కళ్లు, జూలు దిద్దుతారు. మీద మళ్లీ మట్టి పూసి, ఒక దారి వదిలి, కాలుస్తారు. మైనం కరిగి పోతుంది. అది ఖాళీ చేసిన చోట్లోకి కరిగిన ఇత్తడి పోస్తారు. చల్లారాక మట్టిని పగలగొడితే లోపల బొమ్మ. అచ్చు పగిలిపోతుంది కనుక ప్రతి బొమ్మా మొదటిదే, చివరిదే. పశ్చిమ ఆఫ్రికాలో, ఇప్పటి నైజీరియాలోని బెనిన్ నగరపు పోతగాళ్లూ ఎన్నో వందల ఏళ్లుగా మైనంతోనే ఇలా చేస్తున్నారు. ఇగున్ వీధిలో ఆ కుటుంబాలు ఇప్పటికీ పోత పోస్తున్నాయి. 1897లో ఇంగ్లీషు సైన్యం ఆ నగరాన్ని తగలబెట్టి, రాజు ఒవోన్‌రామ్‌వెన్‌ను రాజ్యం నుంచి వెళ్లగొట్టి, వేలాది ఇత్తడి, దంతపు వస్తువుల్ని ఓడలకెక్కించింది. యూరప్, అమెరికాల్లోని ఎన్నో మ్యూజియాల్లో అవే. ఇప్పుడు కొన్ని వెనక్కి వెళ్తున్నాయి. 2022లో లండన్‌లోని హార్నిమన్ మ్యూజియం 72 వస్తువుల మీద హక్కును నైజీరియాకు అప్పగించింది. జర్మనీ అదే ఏడాది డిసెంబరులో కొన్నింటిని స్వయంగా తీసుకెళ్లి ఇచ్చింది. బ్రిటిష్ మ్యూజియం దగ్గర ఇంకా వందలు ఉన్నాయి. అవి ఇవ్వాల్సిందేనని నా అభిప్రాయం, ఇందులో నాకు రెండో మాట లేదు.

ఆ రౌతు పక్కన చీటీ మీద తెగ పేరుంది, శతాబ్దం ఉంది. చేసినవాడి పేరు లేదు. దోచుకున్నవాళ్లు పేర్లు అడగలేదు. కానీ మన సంగతేమిటి? నిర్మల్ బొమ్మల్ని ఎవరూ దోచుకోలేదు. మా ఊళ్లో నకాషీలు ఎదురుగా కూర్చుని పొనికి కర్ర చెక్కుతున్నారు. రంపపు పొట్టులో చింతగింజల జిగురు కలిపి అతుకులు పూస్తున్నారు. నిజం పండనుకుని ఈగ వాలేంత జామకాయకు రంగు దిద్దుతున్నారు. 1955 నుంచి సహకార సంఘముంది, భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆదిలాబాద్ డోక్రాకు కూడా 2018లో వచ్చింది. ఊరి పేరుకు చట్టరక్షణ దొరికింది. మంత్రులకు, అతిథులకు ఇచ్చే పెట్టె మీద మాత్రం ఫలానా ఆయన చేశాడని ఎక్కడా ఉండదు. బతికున్న మనిషి పేరు అడిగి రాయడానికి ఏ పరిశోధనా అక్కర్లేదు, ఒక పెన్ను చాలు.

పశ్చిమ ఆఫ్రికాలో గ్రియోలు అనేవాళ్లున్నారు. రాజుల, వంశాల చరిత్రలను కోరా వాయిస్తూ పాడటం వాళ్లకు తండ్రి నుంచి కొడుక్కి వచ్చే విద్య. వాళ్ల గురించి చదువుతున్నంతసేపూ నాకు కళ్ల ముందు కదిలింది మా ప్రధాన్లు, కిక్రీ వాయిస్తూ గోండు సగల (వంశ శాఖల) కథలు పాడే పెద్దమనుషులు. కేస్లాపూర్ నాగోబా జాతరలో మెస్రం ఇంటి కొత్త కోడళ్లను తెల్ల బట్టల్లో దేవుడికీ పెద్దలకూ పరిచయం చేసే భేటింగ్ ఉంది కదా, అదీ ఒక వంశవృక్షమే. కాగితం లేకుండా వందల ఏళ్లు నడిచిన రిజిస్టరు. డెట్రాయిట్‌లో రంగురాళ్లతో, కంచుతో చేసిన పనిని మా అడవిలో గొంతుతో చేశారు. ఈ గొంతుల్ని రికార్డు చేసి, అర్థం రాసి, గోండీలో, తెలుగులో వినిపించే ఒక గది మా జిల్లా కేంద్రంలో ఉండాలి.

ఫోన్లో అమ్మకు ఇవన్నీ చెబుతుంటే ఆమె అడిగింది: "గా మ్యూజియంల కూలోళ్లయి గూడ పెట్టిన్రా బిడ్డా?" పెట్టారని చెప్పాను. పత్తి ఏరిన వాళ్లవి, కార్లు చేసిన వాళ్లవి. "అట్లయితే నా బీడీల చాట గూడ పెట్టొచ్చు" అంది. నవ్వుతూనే అంది కానీ నేను దాన్ని నవ్వులాటగా తీసుకోలేదు. నిర్మల్‌లో వేలాది ఇళ్లు ఆ చాట మీదే నడిచాయి. ఆకు కత్తిరించే కొలత రేకు, కత్తెర, తంబాకు, దారం. రోజుకు వెయ్యి బీడీలు చుట్టిన ఆ వేళ్ల మీద పిల్లల ఫీజులు కట్టారు, ఆడపిల్లల పెళ్లిళ్లు చేశారు. కట్ట మీద కంపెనీ బొమ్మ ఉంటుంది, చుట్టిన మనిషి పేరు ఉండదు. గల్ఫ్ సంగతీ అంతే. మా నాన్న మస్కట్ నుంచి క్యాసెట్లో మాటలు నింపి ఊరికొచ్చే వాళ్ల చేత పంపేవాడు. మేమంతా టేప్‌రికార్డర్ చుట్టూ చేరి వినేవాళ్లం, మళ్లీ దాని మీదే మా మాటలు నింపి పంపేవాళ్లం. అలా ఆయన పాత గొంతు చెరిగిపోయింది. రెండు క్యాసెట్లే మిగిలాయి. ఉత్తర తెలంగాణ అంతటా ఇనప పెట్టెల్లో ఇలాంటి క్యాసెట్లు, ఉత్తరాలు, గడువు తీరిన పాస్‌పోర్టులు, కొన్ని ఇళ్లలో శవపేటికతో వచ్చిన కాగితాలు ఉన్నాయి. నల్లజాతి వలస చరిత్రకు డెట్రాయిట్ ఎంత చోటిచ్చిందో, గల్ఫ్ వలసకు నిర్మల్, జగిత్యాల, సిరిసిల్ల అంత చోటివ్వాలి.

హైదరాబాద్‌లో గిరిజన మ్యూజియం ఉంది, జోడేఘాట్‌లో కుమ్రం భీం మ్యూజియం ఉంది, మళ్లీ ఇంకొకటెందుకని ఎవరైనా అడగవచ్చు. అవి ఉండటం మంచిదే. అయితే నేను అడిగేది నిర్మల్ జనం తమ చేతులతో నింపే చోటు. అందులో రాంజీ గోండు, రోహిల్లాలు, నకాషీలు, ఓజాలు, బీడీ అమ్మలు, గల్ఫ్ నాన్నలు ఒకే కప్పు కింద ఉండాలి. ఎందుకంటే ఆ మర్రి కింద గోండు, రోహిల్లా కలిసే చనిపోయారు. ఆఫ్రికా కథకూ అక్కడ చోటుండాలి. హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ అనే పేట పేరు నిజాం కొలువులోని ఆఫ్రికా గుర్రపు దళం నుంచి వచ్చింది. ఆఫ్రికా మనకు మొదటి నుంచీ దూరపు చుట్టం కాదు. ఆ దళం వారసులైన సిద్దీల సంగతి కూడా ఆ గదుల్లో ఒక మూల చెబితే, రేపు డెట్రాయిట్ వెళ్లే పిల్ల "అటు పోకు" అన్న మాటకు ఎదురు చెప్పగలుగుతుంది.

పాత బంగళానో కోట మరమ్మతునో కోట్ల టెండరుతో మొదలుపెట్టొద్దని నా మనవి. రెండు గదుల అద్దె ఇల్లు చాలు. నిర్వహణ సంఘంలో రాయి సెంటర్ల (గోండు పెద్దల సభల) సార్‌మేడీలు, నకాషీ, ఓజా కుటుంబాల వాళ్లు, బీడీ కార్మికురాళ్లు సగానికి తక్కువ కాకుండా ఉండాలి. అధికారులు సాయానికి ఉంటే మంచిది. ఫార్సీ చదవగల ఒక మనిషికి రెండేళ్ల జీతం ఇచ్చి తార్నాకలో కూర్చోబెట్టాలి, 1857 నుంచి 1861 వరకు నిర్మల్, ఆదిలాబాద్ కాగితాలు తీయించాలి. దొరికిన ప్రతి పేరూ ఒక పలక అవుతుంది. సోయాస్‌కు కలెక్టరు పేరు మీద ఒక ఉత్తరం రాయించి ఫొటోల నకళ్లు అడగాలి. డిగ్రీ కాలేజీ పిల్లలు సెలవుల్లో ఫోన్ పట్టుకుని గూడేలకు, బీడీ వాడలకు వెళ్లి పెద్దల మాటలు నింపుకు రావచ్చు. మిషిగన్‌లో, డల్లాస్‌లో ఉన్న మా జిల్లావాళ్లను కలిసినప్పుడల్లా నేను చందా కంటే ముందు అటక మీది పెట్టె తీయించమంటున్నాను, అందులో ఏముందో జాబితా రాయించమంటున్నాను. అమ్మ చాట, నాన్నవి మిగిలిన రెండు క్యాసెట్లు మా ఇంటి జాబితాలో మొదట ఉన్నాయి. చాట వెనక్కి తిప్పి అమ్మ పేరు, పనిలో చేరిన ఏడాది రాసి పెట్టాం.